కడబెంచీ చరిత్ర

'క్లాసు కంట్రోలు' అనే మాట టీచర్ ట్రైనింగుకు పోయినోళ్ళందరికీ తెలుసు. పాఠం ఎంత బాగా చెప్పినా, పటాలు ఎంత బాగా గీసుకోని పోయినా, వెనక కూర్చున్న సూపర్‌వైజరు రికార్డులో ఆ ఒక్క గడి దగ్గర పెన్ను ఆపుతాడు. కంట్రోలు ఉందా, లేదా? పిల్లోళ్ళు కదలకుండా కూర్చుంటే ఉన్నట్టు. కదిలితే లేనట్టు. ఎవురు యాడ కూర్చున్నారు, ఎవురు పలుకుతాండారు, ఎవురు నోరు మెదపలేదు, ఎవురు అసలు బడికే రాలేదు - ఇవి రాసేకి ఆ రికార్డులో గడి లేదు. నేను ఇక్కడ రాస్తాండేది ఆ లేని గడిని గురించి.

పెనుకొండ పక్కన ఒక పల్లెలో, మాదిగ్గేరిలో పుట్టినోణ్ణి నేను. అమ్మా నాయనా శెనక్కాయ చేన్లలో కూలికి పోతా ఉండిరి. వాన రాని ఏడు బెంగుళూరికి పోయి మట్టి మోస్తా ఉండిరి. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో తిని పది, ఆపైన ఇంటరు గట్టెక్కి, 1992లో ట్రైనింగులో చేరినాను. పాఠాలు చూసేది పెనుకొండలో, చెప్పి చూపించేది ధర్మవరంలో, కడాకు కొన్ని వారాలు హిందూపురంలో పడినాయి. అప్పుడది అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ మూడు ఊర్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినాయి. జిల్లా పేరు మారింది. గేరి మాత్రం ఊరికి ఆ పక్కనే ఉంది.

మా ఇండ్లలో చదువుకు చరిత్ర లేదంటారు. చదువుకు చరిత్ర లేకపోవచ్చు. చదువు దగ్గరికి రానీకుండా చేసినదానికి మాత్రం రాతపూర్వకమైన చరిత్రే ఉంది. అది ఈ సీమ కాగితాల్లోనే దొరుకుతుంది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషోళ్ళ కంపెనీకి ఇచ్చేసినాడు. దత్తమండలాలు అని పేరు పడింది. వాటికి మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. ఆయనే తర్వాత మద్రాసు గవర్నరయి, 1822లో రాజధాని అంతటా నాటు బడుల లెక్క తీయమని కలెక్టర్లకు ఉత్తర్వు పంపినాడు. అనంతపురం జిల్లా 1882లో గానీ పుట్టలేదు. అప్పటికి మా సీమంతా బళ్ళారి జిల్లా. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాసినాడు. జిల్లా జనం 9,27,857. బడులు 533. వాటిలో కన్నడం బడులు 235, తెలుగు బడులు 226. చదివేవాళ్ళు 6,641 మంది. ఆ మొత్తంలో ఆడపిల్లలు 60 మంది.

1983లో ధర్మపాల్ అనే ఆయన ఆ నివేదికలన్నీ కలిపి 'ది బ్యూటిఫుల్ ట్రీ' అని పుస్తకం అచ్చు వేసినాడు. ఇంగ్లీషోడు రాకముందు మన పల్లెల్లో బడులు ఎంత బాగుండెనో చూడండి అని చాలామంది ఆ పుస్తకం ఎత్తి చూపిస్తారు. శూద్ర కులాల పిల్లోళ్ళు చానామంది చదివినారని దాంట్లో ఉండేది నిజమే. మన్రో అడిగిన పట్టికలో బ్రాహ్మలకు ఒక గడి, వైశ్యులకు ఒకటి, శూద్రులకు ఒకటి, ముసల్మాన్లకు ఒకటి ఉంది. 'ఇతర కులాలు' అని ఇంకొక గడి ఉంది. మాల అనే మాట, మాదిగ అనే మాట ఆ పట్టికలో యాడా లేదు. బడి లెక్కలో మనం మొదటినుంచీ 'ఇతరులం'.

ఆ నివేదికలో నన్ను ఎక్కువ పట్టుకున్నది లెక్కలు కాదు. బడి లోపల సంగతి క్యాంప్‌బెల్ పూసగుచ్చినట్టు రాసినాడు. పొద్దున ఆరుగంటలకు బడి తెరుస్తారు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లోని అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవానికి సున్న చుడతారు - మెప్పూ లేదు, తప్పూ లేదు అని. మూడోవానికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవానికి రెండు. ఆ తర్వాత వచ్చేవానికి ఒక్కొక్కటి పెరుగుతా పోతుంది. సోమరిగా ఉన్నోణ్ణి కొడతారు, రెండు చేతులూ కట్టి దూలానికి లాగి వేలాడదీస్తారు, లేకుంటే ఆపకుండా కూర్చోని లేయమంటారు. మనవాళ్ళు కోదండం, గుంజీళ్ళు అనేది వీటినే. ఈ గుంజీళ్ళు నొప్పి పెట్టేవే గానీ ఒంటికి మంచిది కూడా కావచ్చునని ఆ దొర అభిప్రాయపడినాడు.

ఆ వరసను నేను ట్రైనింగు అయినంక చానా ఏండ్లకు చదివినాను. చదివినప్పుడు నాకు ఒకటే ప్రశ్న వచ్చింది. ఆ వరసలో కడాకు వచ్చేది ఎవరు? అరుగు పక్కన ఇల్లు ఉన్నోడు కాదు. పొద్దున్నే గొడ్లకు కసువు వేసి, పేడ తీసి, తమ్ముణ్ణి ఎత్తుకోని, ఊరికి ఆ కొసనుంచి నడిచి వచ్చేవాడు. అంటే, దెబ్బల లెక్క ఆలస్యానికి కాదు. ఇల్లు ఎంత దూరమో, పని ఎంత ఉందో దానికి. ఆ బడిలో మావాడు లేడు, ఉంటే ఎక్కువ దెబ్బలు వాడివే అయ్యుండేవి. మావాడు వచ్చినంక కూడా ఆ లెక్క మారలేదు. 1993లో నేను చూసిన బడిలో సైతం ప్రార్థన అయినంక వచ్చినోళ్ళని గేటు కాడ నిలబెట్టి బెత్తంతో కొట్టిన్నే లోపలికి పంపుతా ఉండిరి. ఆ నిలబడినోళ్ళలో గేరి పిల్లోళ్ళు లేని రోజు నేను చూడలేదు.

ఇంకొక సంగతి ఉంది. ఈ నాటు బడుల్లో పెద్ద పిల్లోళ్ళు చిన్న పిల్లోళ్ళకు చెప్పే పద్ధతి ఉండేది. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకుంటాండిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ, ఇసకలో అక్షరాలు దిద్దే ఇట్లాంటి బడి చూసి, ఆ పద్ధతిని 1797లో పుస్తకం రాసి ఇంగ్లండుకు మోసుకపోయినాడు. 'మద్రాసు పద్ధతి' అని అక్కడ దానికి పేరు. వందలమందికి ఒక మాస్టరు, మధ్యలో మానిటర్లు. చవగ్గా అయిపోతుంది. అదే మానిటరు మళ్ళా ఓడెక్కి మన బడికే వచ్చినాడు. ముందు బెంచీలో కూర్చోని, మాట్లాడినోళ్ళ పేర్లు బోర్డు మీద రాసే మానిటరు మీకందరికీ గుర్తుండే ఉంటాడు. ఆ పేర్లు ఎవరివో కూడా గుర్తుండే ఉంటుంది.

బడి గడప మాకు సులభంగా తెరుచుకోలేదు. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువుకోసమని ఒక ఉత్తర్వు వేసింది. బడులకు, టీచర్ల శిక్షణకు కొంత సాయం చెప్పింది. అంతకుముందే మా జిల్లాలో గుత్తి, అనంతపురం తట్టు లండన్ మిషనోళ్ళు బడులు పెట్టి ఉండిరి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగి, 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అని మనవాళ్ళు తమ పేరు తామే పెట్టుకున్నారు. 1920 తర్వాత లేబర్ శాఖ కింద వాడల్లోనే వేరే బడులు మొదలైనాయి. వేరే ఎందుకు? సర్కారు బడి అగ్రహారంలోనో, గుడి పక్కనో, చావిట్లోనో ఉండేది. అక్కడికి మనవాళ్ళు పోయేకి లేదు. ఉత్తర్వులో తలుపు తెరిచే ఉండేది, వాకిలి కాడ ఊరు నిలబడి ఉండేది.

మా జేజినాయన అట్లాంటి ఒక రాత్రి బడిలో లాంతరు కింద మూడు నెలలు కూర్చున్నాడంట. తన పేరు రాసేది నేర్చుకున్నాడు. అప్పు కాగితం మీద వేలిముద్ర వెయ్యకుండా సంతకం పెడితే, సావుకారి "ఇంత పొద్దు నేనెందుకు కాసుకోని కూర్చోవల్ల? ముద్ర ఎయ్యి" అని ఇంకుపెట్టె ముందరికి తోసినాడంట. జేజినాయన ఈ కథ చెప్పి నవ్వుతా ఉండె. ఆ నవ్వులో ఏముందో నాకు ట్రైనింగులో గానీ తెలియలేదు.

ట్రైనింగులో మనస్తత్వశాస్త్రం పాఠం బాగానే చెప్పినారు. పావ్‌లోవు కుక్క, థార్న్‌డైకు పిల్లి, స్కిన్నరు ఎలుక, పావురం - అన్నీ నేర్చుకున్నాం. గంట కొడితే కుక్కకు నోట్లో నీళ్ళు ఎట్లా ఊరతాయో పరీక్షలో నాలుగు పేజీలు రాసినాను. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లోని కడుపులో మధ్యాన్నం గంట కొట్టినప్పుడు ఏమయితుందో ఆ పుస్తకంలో లేదు. కుక్క ఉంది, పిల్లి ఉంది, పావురం ఉంది. మాదిగ పిల్లోడు లేడు.

మంచి కూడా చెప్తాను. ఆ కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అని, 'ఆపెప్' అనేవాళ్ళు, ఇంగ్లండు ప్రభుత్వ సాయంతో నడుస్తా ఉండె. 1984లో కొన్ని చోట్ల ప్రయోగంగా మొదలై, తర్వాత రాష్ట్రమంతా పాకి 1996 దాకా సాగింది. పిల్లోళ్ళు చేసి నేర్చుకోవల్ల, ఒక్కొక్కరుగా, గుంపులుగా, తరగతి అంతా కలిసి - మూడు విధాలా పని చెయ్యల్ల, పిల్లోళ్ళ మధ్య తేడాలను గుర్తుపెట్టుకోవల్ల, చుట్టుపక్కల ఉండేదాన్నే పాఠానికి వాడుకోవల్ల, వాళ్ళు చేసిన పని గోడమీద పెట్టల్ల - ఇవి దాని సూత్రాలు. చానామంది అయ్యోర్లు వాటిని రంగు కాగితాల తోరణాలుగా మార్చేసినారు, తనిఖీకి వచ్చే ముందురోజు గోడకు కట్టేది, పోయినంక పెట్టెలో పెట్టేది. కానీ 'చుట్టుపక్కల ఉండేది' అనే ఒక్క మాట నాకు చేతికర్ర అయింది. మా చుట్టుపక్కల ఏముందో నాకు తెలుసు కదా.

పెనుకొండలో మా పని వెనక కూర్చోని చూసి రాసుకునేది. పెనుకొండ మామూలు ఊరు కాదు. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయినంక రాజులు వచ్చి కాపురం పెట్టిన ఊరు. కోట ఉంది, గగనమహల్ ఉంది, బాబయ్య దర్గా ఉంది. ఆ రోజు పాఠం కూడా అదే. అయ్యోరు రాజుల పేర్లు వరసగా చెప్పించినాడు. నేను రాజుల పేర్లు రాసుకోలేదు. పిల్లోళ్ళు కూర్చున్న పటం గీసినాను. ఒక్కొక్కని పేరు పక్కన వాడు ఏ వీధినుంచి వస్తాడో మధ్యాన్నం అడిగి రాసినాను. సాయంత్రం చూస్తే అది తరగతి పటం కాదు, ఊరి పటం. ముందు వరస బజారు వీధి, నడిమి వరసలు కాపుల వీధులు, కిటికీ తట్టు గోడకు ఆనుకోని ఒక వరస - గేరి. ఎవరూ అట్లా కూర్చోమని చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే జరుగుతాంది చూడండి, దానిపేరే కంట్రోలు.

ఇంకొకటి రాసుకున్నాను. పొద్దున గదిలో కసువు ఊడ్చేది మా గేరి ఆడపిల్లోళ్ళు. మంచినీళ్ళ కుండ నింపేది మాత్రం వేరే పిల్లోళ్ళు. రెండూ పనులే. రెండు పనుల మధ్య వెయ్యేండ్ల దూరం. అంబేద్కర్ చిన్నప్పుడు బడిలో గోనెపట్ట మీద కూర్చున్నాడని, దాన్ని ముట్టేకి బడి నౌకరు ఒప్పుకోకపోతే సాయంత్రం ఇంటికి తీసుకుపోయి మళ్ళా పొద్దున మోసుకోని వచ్చినాడని చదువుకున్నాం. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. గోనెపట్ట పోయింది. కుండ ఉండిపోయింది.

ధర్మవరంలో నాకు పాఠం చెప్పేది పడింది. ఐదో తరగతి, యాభైమంది పైనే. ధర్మవరం అంటే పట్టుచీరలు. పెండ్లిలో మెరిసే సరిగ అంచులు. ఆ అంచు వెనక ఉండే పిల్లోళ్ళు నా తరగతిలో ఉండిరి. తొగటోళ్ళు, సాలెలు మొదలైన నేతకులాల పిల్లోళ్ళు, కూలిమగ్గాలకు పోయే మావాళ్ళ పిల్లోళ్ళు. పొద్దున రెండో పీరియడు అయ్యేసరికి నాలుగైదు తలలు డెస్కుల మీద వాలిపోతాయి. రాత్రి పొద్దుపోయే దాకా కండెలు చుట్టినోళ్ళు, మగ్గం పక్కన కూర్చోని అమ్మకో నాయనకో చెయ్యి అందించినోళ్ళు. 1986లో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చింది గానీ, ఇంటోళ్ళు ఇంట్లో చేసుకునే పనికి దాంట్లో మినహాయింపు ఇచ్చినారు. మగ్గం ఉండేది ఇంట్లోనే కదా! 2016లో చట్టం సవరించి పధ్నాలుగేండ్ల లోపు పిల్లోళ్ళని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. బడి అయినంక ఇంటి పనికి సాయం చెయ్యొచ్చు అనే సందు అప్పుడూ మిగిలింది.

క్యాంప్‌బెల్ 1823లోనే ఈ సంగతి రాసినాడు. దేశం బీదదయిపోతాంది, మా ఇంగ్లీషు గుడ్డలు వచ్చి ఇక్కడి నేతపనోళ్ళ బతుకు దెబ్బతినింది, పిల్లోళ్ళ లేత చేతులకు ఏ కొంచెం పని చేతనైనా బీదోళ్ళు వాళ్ళని పనిలో పెట్టుకోక తప్పడంలేదు, బడులు తగ్గిపోతాండాయి అని. రాసి పంపినాడు. 170 ఏండ్లయినంక నేను ఆ పిల్లోళ్ళ మనవళ్ళ మనవళ్ళ ముందర చాక్‌పీసు పట్టుకోని నిలబడినాను.

నిద్రపోయేవాని మీదికి చాక్‌పీసు ముక్క విసిరేది మా దగ్గర పాత విద్య. మా సూపర్‌వైజరు కూడా అదే సైగ చేసినాడు. నేను ఆ పని చెయ్యలేదు. పొద్దున మొదటి పీరియడు లెక్కలు పెట్టుకోని, రెండో పీరియడుకు పిల్లోళ్ళు లేచి తిరిగే పని పెట్టినాను. ఆరుమందికి ఒక గుంపు. గుంపుకు ఒక లెక్క. మీ ఇంట్లో ఒక చీర నేసేకి ఎన్ని రోజులు పడుతుంది? కూలి ఎంత? సావుకారి పట్టుకుండేది ఎంత? పండగ బాకీకి పోయేది ఎంత? రోజుకు ఎంత మిగిలింది? గుంపులో ఒకడు అడగల్ల, ఒకడు రాయల్ల, ఒకడు బోర్డు కాడికి వచ్చి చెప్పల్ల. వారం వారం ఆ పనులు మారల్ల.

సద్దు పుట్టింది. సద్దంటే మామూలు సద్దు కాదు, పక్క గది అయ్యోరు వచ్చి తొంగిచూసేంత. కానీ ఆ సద్దులో ఒక తేడా నాకు తెలిసింది. పని లేని సద్దు పైకి పోతుంది, పని ఉండే సద్దు కిందికి దిగుతుంది, తలకాయలు దగ్గరికి చేరతాయి. భాగహారం రాదని ఏడాదంతా గోడకు నిలబెట్టిన ఒక పిల్లోడు, వాళ్ళమ్మ కూలిలో పట్టుబడి పోను రోజుకు ఎంత మిగులుతుందో నోటిలెక్కతో చెప్పేసినాడు. చెప్పి, తన లెక్క తానే నమ్మనట్టు బోర్డు తట్టు చూసి, "అంతేనా సార్?" అన్నాడు. లెక్క సరిగానే ఉంది. వాడు అడిగింది లెక్క గురించి కాదు. ఆ పొద్దు ఆ తరగతిలో ఎవరూ నిద్రపోలేదు.

ఆ వారమే మానిటరు పద్ధతి కూడా మార్చినాను. సోమవారం సోమవారం కొత్త మానిటరు, హాజరుపట్టీ వరస ప్రకారం. మాట్లాడినోళ్ళ పేర్లు రాసేది లేదు. నీళ్ళ కుండ నింపేది, కసువు ఊడ్చేది కూడా అదే వరసలో, మగపిల్లోళ్ళకూ ఆడపిల్లోళ్ళకూ. కూర్చునే వరస రోజుకొక బెంచీ ముందుకు జరగల్ల. ముందున్నోళ్ళు వెనక్కి పోవల్ల. కులం మాట నేను ఎత్తలేదు. వరస మాట ఎత్తినాను. మూడో రోజుకే ఒక పిల్లోడు కుండ నీళ్ళు తాగకుండా ఇంటినుంచి సీసా తెచ్చుకున్నాడు. నాలుగో రోజు ఎండకు సీసా నీళ్ళు చాలక కుండ కాడికే వచ్చినాడు. దాహం కంటే పెద్ద అయ్యోరు లేడు.

హిందూపురం వేరే రకం. మురారిరావు తన నాయన హిందోజీరావు పేరు పెట్టిన ఊరు అంటారు. బెల్లం మండీ, చింతపండు, పట్టుగూళ్ళు, పక్కనే కర్ణాటక. తరగతిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినపడతాయి. ఏడో తరగతిలో సాంఘికశాస్త్రం నాకు ఇచ్చినారు. అక్కడ నాకంటే ముందు నా కులం తరగతి గదికి చేరుకునింది. హాజరు తీసేటప్పుడు స్కాలర్‌షిప్ లెక్క కోసం "ఎస్సీలు లేచి నిలబడండి" అని ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. పిల్లోళ్ళు నిలబడితే ఒకడు మెల్లగా, నాకు వినపడేటట్టే, "సార్ గూడా నిలబడే ఉండాడు" అన్నాడు.

ఆ మరుసటి వారం, సూపర్‌వైజరు వచ్చే రోజు, నేను గదిలోకి పోయేసరికి బోర్డు మీద పెద్ద అక్షరాలతో నా కులం పేరు రాసి ఉంది. నవ్వు అణచుకున్న సద్దు. వెనక సూపర్‌వైజరు రికార్డు తెరిచి పెట్టుకోని కూర్చున్నాడు. ఆ రోజు పాఠం 'నీటి వనరులు'. నేను డస్టరు ముట్టలేదు. ఆ మాట కింద గీత గీసి, పక్కనే 'కపిలె' అని రాసినాను.

"కరెంటు మోటార్లు రాకముందు బాయిలోనుంచి నీళ్ళు ఎట్లా పైకి వస్తా ఉండె?" అని అడిగినాను. ముందు బెంచీలో రైతు పిల్లోడు లేచి, "కపిలెతో సార్, మా తాతకు ఉండెనంట" అన్నాడు. ఎద్దులు ఎట్లా వెనక్కి నడుస్తాయో, మోకు ఎట్లా లాగుతుందో వాడే చెప్పినాడు. "నీళ్ళు పట్టుకోని వచ్చేది ఏమిటి?" "బాన సార్, తోలు తొండం." "ఆ బాన, తొండం ఎవరు కుట్టిరి?" గది గమ్మున అయిపోయింది. కడబెంచీనుంచి ఒకడు లేచినాడు. ఆ మాట చెప్పేకి వానికి ఎంత బరువయిందో వాని మెడ చూస్తే తెలుస్తాంది. "మా జేజినాయన కుడ్తా ఉండెనంట సార్."

ఇంక పాఠం నా చేతిలో లేదు, వాని చేతిలోకి పోయింది. తోలు సున్నంలో ఎన్ని రోజులు నానల్ల, వెంట్రుకలు ఎట్లా గీకల్ల, తంగేడు చెక్కతో ఎట్లా ఊరెయ్యల్ల, నీళ్ళు కారకుండా కుట్టు ఎట్లా వెయ్యల్ల - వానికి తెలిసినంత వాడు చెప్పినాడు, నాకు తెలిసినంత నేను కలిపినాను. చివర్లో అడిగినాను: "బాన లేకుంటే మడి పండునా? మడి పండకుంటే ఊరు ఉండునా? అయితే బోర్డు మీద రాసిన ఈ మాట తిట్టా, పాఠమా?" ఎవరూ జవాబు చెప్పలేదు. గంట కొట్టినంక, పొద్దున ఆ మాట రాసినోడో, వాని పక్కనోడో తెలీదు, ఒక పిల్లోడు వచ్చి తానే తుడిచి పోయినాడు.

రికార్డులో సూపర్‌వైజరు రెండు ముక్కలు రాసినాడు: పాఠ్యపథకం దాటి పోయినాడు, కంట్రోలు ఫరవాలేదు. మార్కులు సగానికి కోసినాడు. రెండు రోజులకు ఒక పెద్దమనిషి బడి గేటు కాడికి వచ్చినాడు. వేరే అయ్యోర్లని 'అయ్యోరా' అని పిలిచిన మనిషి, నన్ను మాత్రం, "ఏమప్పా, పిల్లోళ్ళకు కులం పాఠాలు చెప్తాండావంట?" అన్నాడు. మా నాయన అయితే 'సామీ' అని మొదలుపెట్టి ఉండును. నేను, "లేదన్నా. బోర్డు మీద పాఠం మొదలుపెట్టింది పిల్లోళ్ళే, నేను ముగించినా" అన్నాను. 'అన్నా' అనే ఒక్క మాట దగ్గర ఆయన ముఖం ఎట్లా మారిందో, నా ట్రైనింగంతా ఆ ఒక్క నిమిషంలో ఉంది.

మావాళ్ళలోనే కొందరు నన్ను ఇంకొక మాట అడుగుతారు. దెబ్బ లేకుండా చదువు వస్తుందా అని. మా అమ్మలే పిల్లోణ్ణి బడికి తెచ్చి, "కండ్లు రెండూ ఇడ్సిపెట్టి యాడన్నా కొట్టు అయ్యోరా, చదువు మాత్రం రావల్ల" అంటారు. ఆ మాట వెనక ఉండేది క్రూరత్వం కాదు, ఆశ. తాము చేన్లో తిన్న దెబ్బ కంటే బడి దెబ్బ నయమని లెక్క. కానీ చేనులో కొట్టే చెయ్యి, బడిలో కొట్టే చెయ్యి ఒకే వరసలో నడుస్తాయి. కడాకు వచ్చినోనికే రెండింట్లోనూ ఎక్కువ. మన పిల్లోడు బడి మానేసేది చదువు రాక కాదు, చానాసార్లు గేటు కాడ నిలబడలేక. సావిత్రిబాయి ఫూలే 1848లో పూనాలో పాఠం చెప్పేకి పోతాంటే దారిలో పేడ, రాళ్ళు విసిరిరి. ఆమె సంచిలో ఇంకొక చీర పెట్టుకోని పోయి, బడిలో మార్చుకోని పాఠం చెప్పింది. దెబ్బ తిని కూడా దెబ్బ కొట్టని అయ్యోరమ్మ మన మొదటి టీచరు. గుర్రం జాషువా గుంటూరులో టీచర్ ట్రైనింగు బడిలోనే పదేండ్లు పాఠం చెప్పినాడు. అయ్యోర్లను తయారుచేసే అయ్యోరు మనవాడే అని మా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

తర్వాత కాలంలో కొన్ని మారినాయి. 2002లో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో కొట్టేది నిషేధిస్తా ఉత్తర్వు వేసింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లోళ్ళని కొట్టేదాన్నే కాదు, మనసుకు బాధ కలిగేటట్టు చేసేదాన్ని కూడా నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినంక, 2003నుంచి మన రాష్ట్రంలో వండిన మధ్యాన్నం అన్నం మొదలయింది. 2004లో అదే కోర్టు వంటమనిషి పనిలో దళితులకు, ఆదివాసులకు ముందు చోటు ఇయ్యమనింది. కొన్ని ఊర్లలో మన ఆడోళ్ళు వండితే పిల్లోళ్ళని తిననీకుండా ఇంటికి పిలుచుకపోయినారు. కుండ కాడ ఆగిన చరిత్ర సంగటి కాడ మళ్ళా లేచింది. ఇప్పుడు పెనుకొండ కాడ ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2019 నుంచి కార్లు తయారవుతాండాయి. ఆ గేటు లోపలికి ఎవరు ఇంజనీరుగా పోతారు, ఎవరు కసువు ఊడ్చేకి పోతారు అనేది ఐదో తరగతిలో ఎవరు యాడ కూర్చున్నారో దాంట్లోనే సగం తేలిపోతుంది.

చట్టం కట్టెను తీసేసింది. కట్టెతో పాటు పోనివి కొన్ని ఉన్నాయి. పేరుకు బదులు 'ఏయ్ స్కాలర్‌షిప్' అని పిలిచేది. నోటుబుక్కు దూరంనుంచి టేబులు మీదికి విసిరేయమనేది. ప్రశ్న అడిగేటప్పుడు చూపు మూడో బెంచీ దాటకపోయేది. వీటికి బెత్తం అక్కరలేదు. వీటికి ఏ సెక్షను కింద కేసు రాస్తారు?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీలో చానామంది డి.ఎడ్., బి.ఎడ్. చదువుతాండారు. రేపు తరగతిలోకి పోతారు. మీ చేతిలో లెసన్ ప్లాను ఉంటుంది. వెనక ఎవరో రికార్డు తెరిచి కూర్చోని ఉంటారు. వాళ్ళు అడిగే కంట్రోలు వాళ్ళకు చూపించండి, మార్కులు మనకు కావల్ల, ఉద్యోగం మనకు కావల్ల. దాంతో పాటు మీకోసం ఇంకొక రికార్డు పెట్టుకోండి. మొదటి రోజే ఎవరు యాడ కూర్చున్నారో పటం గీయండి. ప్రతి పిల్లోనికీ పూర్తి పేరు ఉంటుంది, వారంలో నేర్చుకోండి. కుండ ఎవరు నింపుతాండారు, కసువు ఎవరు ఊడుస్తాండారు చూడండి. ఒక్కరోజులో మీ ప్రశ్న ఎన్ని బెంచీలు దాటి పోయిందో సాయంత్రం లెక్క వేయండి. ఆలస్యంగా వచ్చినోణ్ణి నిలబెట్టకముందు, పొద్దున లేచినప్పటినుంచి వాడు ఏమేమి పని చేసి వచ్చినాడో అడగండి. జవాబు విన్నంక వాణ్ణి కొట్టేకి మీకు చెయ్యి రాదు.

రెండువందల ఏండ్ల కింద ఈ సీమ బడిలో ముందు వచ్చినోని అరచేతిలో సరస్వతి పేరు రాసినారు. కడాకు వచ్చినోని చేతిలో వాతలు పెట్టినారు. ఇప్పుడు ఆ చెయ్యి చాక్‌పీసు పట్టుకోని బోర్డు ముందర నిలబడింది. అది ఏమి రాస్తుందో చూసేకి కడబెంచీ కాచుకోని ఉంది.